ముందు దిగినవాళ్ల మాట

ఆస్ట్రియాలో టైరోల్ అనే కొండసీమ ఉంది. అక్కడి ఒక లోయలో ఒక స్కీ క్లబ్బు, ఆ క్లబ్బులో ఇద్దరమ్మాయిలు. పెద్దమ్మాయికి 18 ఏళ్లు, చిన్నమ్మాయికి 16. చలికాలమంతా వాళ్లకు ఇల్లంటే క్లబ్బు వ్యానే. ముందు సీటులో కోచ్, వెనక పొడుగాటి సంచుల్లో స్కీలు, వాటి మీద హెల్మెట్లు, ఆరని బూట్లు, ఇంకా చదవాల్సిన బడిపుస్తకాలు. ఇవాళ ఈ లోయలో పందెం, ఎల్లుండి బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీలో ఇంకో పందెం. తెల్లారకముందే లేవాలి, చీకట్లోనే వ్యానెక్కాలి, సగం నిద్రలో రొట్టె తినాలి. ఇంత చేసి కొండ మీద నిజంగా పందెంలో ఉండేది ఒక్కో పరుగుకు నిమిషం, నిమిషంపావు.

రాత్రిళ్లు వాళ్లు దిగిన బస కింద ఒక నేలమాళిగ ఉండేది. అక్కడ బల్లకు స్కీ బిగించి, ఆకురాయితో ఇనుప అంచులు పదును పెట్టుకోవాలి. తర్వాత ఇస్త్రీపెట్టెతో మైనం కరిగించి అడుగున పట్టించి, చల్లారాక గీకి, బ్రష్షుతో తోమాలి. చిన్నమ్మాయికి ఆకురాయి ఇంకా చేతిలో కుదరలేదు. ఆమె అంచులు కూడా పెద్దమ్మాయే పట్టేది. పదును కుదిరిందో లేదో చూడ్డానికి బొటనవేలి గోటిని అంచు మీద అడ్డంగా లాగేది. గోటి మీంచి తెల్లటి పొడి రాలితే, 'ఇక చాలు' అని పక్కన పెట్టేది. రొట్టె పంచుకునేది, తన చేతితొడుగులు ఇచ్చేది, లెక్కలు చెప్పేది. మనసు మంచిదే.

ఈ కథ అర్థం కావాలంటే ఆ పందెం పద్ధతి కొంచెం తెలియాలి. జెయింట్ స్లాలమ్‌లో ఎర్ర గేటు, నీలం గేటు ఒకటి విడిచి ఒకటి పాతుతారు. వాటిని వరసగా చుట్టుకుంటూ దిగాలి. రెండు పరుగులు, రెండింటి సమయాలూ కలిపి లెక్క. పందేనికి ముందు ఆ గేట్ల మధ్య ఎవరూ పరుగు తీసి చూసుకోకూడదు. ప్రతి పరుగుకు ముందు ఒకసారి మాత్రం స్కీలు అడ్డంగా పెట్టి మెల్లగా జారుతూ దారి చూసుకోనిస్తారు, ఆ తర్వాత మూసేస్తారు. కంటికి కనిపించేది వేరు, వేగంలో స్కీ కింద మంచు చేసే పని వేరు. ఆ రెండోది ముందు దిగినవాళ్లకే తెలుస్తుంది. అందుకే కింద ఒక కోచ్, పైన ఒక కోచ్ వాకీటాకీలు పట్టుకుని ఉంటారు. ముందు దిగిన పిల్ల ఆయాసపడుతూనే దారి ఎలా ఉందో చెబుతుంది, ఆ మాట పైన నిలబడ్డ పిల్లల చెవిన పడుతుంది. ఎవరి పందెం వాళ్లదే అయిన ఆటలో ఇదొక్కటే ఉమ్మడి సొత్తు.

ఒక జనవరి పందెంలో పెద్దమ్మాయిది 9వ నంబరు, చిన్నమ్మాయిది 74. ఈ ఆటలో పాయింట్లు ఎంత తక్కువైతే అంత గొప్ప. తక్కువ పాయింట్లున్న 15 మందికి చీటీ తీసి ముందు నంబర్లిస్తారు, మిగతావాళ్లు పాయింట్ల వరసలో వెనక. కొత్తగా వచ్చినవాళ్లకు చివర చోటే దక్కుతుంది. అప్పటికి డెబ్భై మంది తొక్కిన దారి గాళ్లు పడి ఉంటుంది.

పెద్దమ్మాయి దిగింది. వాలు ఒక్కసారిగా నిలువుగా మారే చోట, మూడో గేటు నీలం. దాని కింద మంచు లేదు, ఉత్త గాజుగడ్డ. స్కీ జారింది, తుంటి నేలకు తగలబోయింది, ఎలాగో నిలదొక్కుకుంది. కిందికి చేరి బోర్డు చూసింది. నాలుగో స్థానం. కోచ్ వాకీటాకీ చాచాడు. "ఎలా ఉంది? పైవాళ్లకు ఏం చెప్పమంటావు?"

ఆ ఏడు రాష్ట్ర జట్టులో ఒక్క ఖాళీ ఉంది. సాధనలో చిన్నమ్మాయి తనకు సెకనులో రెండు పదోవంతుల దూరానికి వచ్చేసింది. ఇవన్నీ ఆమె ఆలోచించి పేర్చుకున్నవి కావు, ఒక్క ఊపిరిలో వచ్చిపోయినవి.

"బాగానే ఉంది. పట్టు దొరుకుతోంది" అంది. చాలాభాగం నిజమే. కొండంతా పట్టు దొరికింది, ఆ ఒక్క గేటు దగ్గర తప్ప.

చిన్నమ్మాయి సరిగ్గా అక్కడే పడింది. జారుకుంటూ వెళ్లి వలలో చిక్కుకుంది. ఎముకలు విరగలేదు, మోకాలు కమిలింది. సాయంత్రం వ్యానులో, "తప్పు నాదే, ఆ గేటు దగ్గర తొందరపడ్డాను" అంది. పెద్దమ్మాయి తన సీటిచ్చింది, మోకాలికి మంచుమూట కట్టింది. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు.

రెండు వారాలకు కనుమ అవతల, ఇటలీలో పందెం. మొదటి పరుగులో పెద్దమ్మాయే ఫస్టు. చిన్నమ్మాయి, అంత వెనక నంబరుతో దిగి కూడా, 28వ స్థానంలో నిలిచింది. రెండో పరుగుకు గేట్లు మార్చి కొత్తగా పాతుతారు, మొదటి 30 మంది వరస తిరగేస్తారు. ముప్ఫయ్యో పిల్ల ముందు దిగుతుంది, మొదటి పిల్ల అందరికన్నా చివర. అంటే చిన్నమ్మాయి మూడో మనిషి, పెద్దమ్మాయి ముప్ఫయ్యో మనిషి.

ఎండ ముదిరింది. పెద్దమ్మాయి పైన నిలబడి కాళ్లు విదిలించుకుంటూ చూస్తోంది. ఒక్కొక్కరే దిగిపోతున్నారు, దారి ఒక్కొక్కరితో మారిపోతోంది. పొద్దున తాను చూసుకున్న మంచు ఇప్పుడు లేదు. ఉన్నదేమిటో తెలిసినవాళ్లంతా కింద ఉన్నారు.

కోచ్ చేతిలో వాకీటాకీ గరగరలాడింది. చిన్నమ్మాయి గొంతు, మాటకూ మాటకూ మధ్య ఆయాసం.

"నీడ దాటి ఎండలోకి వచ్చే చోట మెత్తబడింది. అక్కడ గట్టిగా తొక్కొద్దని చెప్పండి, స్కీ కూరుకుపోతుంది. కింది నుంచి నాలుగో గేటు, ఎర్రది, అప్పుడే గాడి పడుతోంది. పైనుంచే గుండ్రంగా రమ్మనండి. నేను నేరుగా వెళ్లి అక్కడే చెడగొట్టుకున్నాను. చివరి మూడు గేట్లకు భయం లేదు, వదిలెయ్యొచ్చు."

"నీ టైమెంత?" అని కోచ్ అడిగాడు.

"ఇంకా చూళ్లేదు."

పెద్దమ్మాయి ఆ మాట మనసులో పెట్టుకుని, తన వంతు రాగానే గేటులోకి వెళ్లింది. మెత్తటి చోట తేలిగ్గా నిలబడింది, ఎర్ర గేటుకు పైనుంచే తిరిగింది. 14 వందోవంతుల తేడాతో గెలిచింది.

తర్వాతి పందెం నాడు పొద్దుట్నుంచీ మంచు కురుస్తోంది. పెద్దమ్మాయి దిగగానే, ఎవరూ చాచకముందే వాకీటాకీ అందుకుంది. ఏ గేటు దగ్గర గడ్డ ఉందో, ఎక్కడ వెలుతురు తగ్గి నేల కనబడదో, తన కాలు ఎక్కడ వణికిందో చెబుతూనే ఉంది. "చాలమ్మా, ఇక వదులు, తర్వాతి పిల్ల గేటులో నిలబడింది" అన్నాడు పైనున్న కోచ్. "ఇంకొక్కటి" అంది ఆమె. ఆ రోజు మొదటి పరుగులో చిన్నమ్మాయి 31వ స్థానంలో నిలిచింది. ఒక్క మెట్టు తక్కువై తిరగేసిన వరసలో చోటు దొరకలేదు, రెండో పరుగు కూడా తొక్కేసిన దారిలోనే దిగాల్సి వచ్చింది. దిగింది, ఈసారి పడలేదు.

నీతి: ముందు దిగినవాళ్లు దారి సంగతి దాచకూడదు. తెలిసినంతా చెప్పాలి, తాము తడబడ్డ చోటు మొదట చెప్పాలి.

కథలో పెద్దమ్మాయి చేసింది అబద్ధమాడటం కాదు. 'బాగానే ఉంది' అంది, అంతే. పరీక్ష రాసి వచ్చిన అన్న, ఉద్యోగం సంపాదించిన స్నేహితురాలు, పరదేశంలో కుదురుకున్న బంధువు కూడా అడిగినవాళ్లకు ఇలాగే 'ఏముంది, బాగానే ఉంటుంది' అంటారు. ఎవరినీ నొప్పించని మాట, ఎవరికీ పనికిరాని మాట. ఏరు దాటాక తెప్ప తగలేసేవాడు ఒడ్డునున్నవాళ్ల మీద పగతో ఆ పని చేయడు. తనకు మళ్లీ ఏరు దాటే పని పడదనుకుంటాడు. స్కీ పందెం నియమం ఆ భ్రమను రెండు మూడు గంటల్లో తీర్చేస్తుంది. పొద్దున ముందున్నవాళ్లను మధ్యాహ్నం చివర నిలబెడుతుంది.

అలాగని, రేపు మన అవసరం పడుతుంది కాబట్టి ఇవాళ చెప్పాలన్నది ఈ కథలోని నీతి అని నేననుకోను. చిన్నమ్మాయి ఏ లెక్కా వేసుకుని చెప్పలేదు. తన సమయం కూడా చూసుకోకముందే వాకీటాకీ పట్టుకుంది. నా దృష్టిలో కథకు ప్రాణం అక్కడుంది. పెద్దమ్మాయి మొదట బోర్డు చూసింది, తర్వాత మాట్లాడింది. ఆ రెండింటి మధ్య పట్టిన క్షణంలోనే దాచుకోవాలనే బుద్ధి దూరింది.

దాచుకోవడానికి కారణం లేకపోలేదు, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వెనక నంబరువాళ్లు నిజంగానే గెలవగలరు. 2001 నవంబరులో అమెరికాలోని ఆస్పెన్‌లో జరిగిన వరల్డ్ కప్ స్లాలమ్‌లో క్రొయేషియా కుర్రాడు ఇవిత్సా కోస్తెలిచ్ 64వ నంబరుతో దిగి గెలిచాడు. వరల్డ్ కప్‌లో అది అతని మొదటి గెలుపు. అతనూ, చెల్లెలు యానిత్సా తండ్రి శిక్షణలో పెరిగారు. చేతిలో డబ్బు లేక పందేలకు వెళ్లిన చోట గుడారాల్లో, కారులో పడుకున్న కుటుంబం అది. మరుసటి ఏడాది సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో యానిత్సా మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచింది. ఇలాంటివాళ్లు వెనక నిలబడి ఉన్నప్పుడు దారి చెప్పడమంటే మన గెలుపును పందెం ఒడ్డడమే. చెప్పేవాళ్లకు అది తెలిసి ఉండాలి, తెలిసే చెప్పాలి.

డౌన్‌హిల్ అనే పందెంలోనైతే ఈ మాట గెలుపు ఓటములను దాటిపోతుంది. స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌లో 2013లో ఫ్రాన్స్ ఆటగాడు యోహాన్ క్లారే గంటకు 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ వేగంలో దిగేవాడికి, మంచులో ఒక గుంట ఉందని ముందువాడు చెప్పకపోతే విరిగేది కాలో వెన్నో.

పిల్లలను ఈ ఆటలో పెట్టిన తల్లిదండ్రులు చాలామంది పాయింట్ల పట్టిక ముందేసుకుని పక్కపిల్ల పాయింట్లు కూడా లెక్కపెడుతుంటారు. అదే పట్టికలో ఇంకో సంగతి ఉంది. పందెంలో మన పిల్లకు వచ్చే పాయింట్లకు, ఆ పందెం బరువును బట్టి కొన్ని పాయింట్లు కలుపుతారు. ఆ కలిపేదాన్ని లెక్కకట్టేటప్పుడు మొదటి పది స్థానాల్లో నిలిచినవాళ్లలో అయిదుగురు మేటివాళ్ల పాయింట్లు చూస్తారు. మేటివాళ్లు పడిపోకుండా కిందికి చేరి మొదటి పదిలో ఉంటే కలిపేది తగ్గుతుంది, గెలిచిన పిల్లకు కూడా మంచి పాయింట్లు వస్తాయి. వాళ్లు నీలం గేటు దగ్గర పడిపోతే, గెలిచిన పిల్ల గెలుపు విలువే పడిపోతుంది. పక్కపిల్ల ఓడాలని కోరుకునే తల్లి ఈ లెక్క ఒక్కసారి వేసి చూసుకోవాలి.

ఇక వాకీటాకీలో తన జట్టు గొంతు ఒక్కటీ వినబడని ఆటగాళ్లు ఉంటారు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లింది ఒకే ఒక్క క్రీడాకారుడు, కాశ్మీర్‌లోని గుల్మార్గ్ ప్రాంతం నుంచి వచ్చిన ఆరిఫ్ ఖాన్. ప్రారంభోత్సవంలో జెండా పట్టుకున్నది అతనే. జెయింట్ స్లాలమ్ నాడు దట్టంగా మంచు కురిసింది, బయలుదేరినవాళ్లలో ఎంతోమంది కిందికి చేరలేదు. అతను రెండు పరుగులూ పూర్తి చేసి 45వ స్థానంలో నిలిచాడు. స్లాలమ్‌లో మాత్రం పూర్తి చేయలేకపోయాడు. అతనికి ముందు ఆ కొండ దిగి, ఏ గేటు దగ్గర ఏముందో చెప్పగల భారతీయుడు ఆ పందెంలో ఒక్కడూ లేడు. గుల్మార్గ్‌లో ఇప్పుడు స్కీలు కట్టుకుంటున్న పిల్లలు ఒలింపిక్స్ దాకా వెళితే, వెళ్లేముందు అడగడానికి వాళ్లకు ఇంటి దగ్గరే ఒక మనిషి ఉన్నాడు.