జీతం పంతులమ్మ

నేను ఇగ్నో దరఖాస్తు నింపుతుంటే మా తమ్ముడు భుజం మీంచి తొంగిచూశాడు. ‘‘వయోజన విద్యల ఎమ్మేనా? చేస్తే ఏమొస్తది అక్కా?’’

స్వచ్ఛంద సంస్థల్లో శిక్షణ పనులుంటాయని, జన శిక్షణ్ సంస్థాన్ లాంటివి ఉన్నాయని, తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో దీనికో విభాగమే ఉందని చెప్పాను. ‘‘పోస్టులెన్ని?’’ అన్నాడు. లెక్కపెట్టబోతే ఒక చేతి వేళ్ళు కూడా మిగిలాయి. పొయ్యి దగ్గర్నుంచి అమ్మ అందుకుంది: ‘‘చదువు చెప్పుడు పున్నెం బిడ్డా. పున్నేనికి జీతం అడుగుతరా ఎవరన్న?’’

తమ్ముడి మాట ఆ పూటతో పోయింది. అమ్మ మాట మాత్రం ఇంకా నాలోనే తిరుగుతోంది.

సాక్షర భారత్ అనే అక్షరాస్యత పథకంలో గ్రామ సమన్వయకర్తగా మా వీపనగండ్ల మండలంలో ఒక ఊరి కేంద్రం చూసుకున్నాను. 2011 లెక్కల్లో మా పాత పాలమూరు జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద అట్టడుగు. నాకు నెలకు 2000 రూపాయల గౌరవ వేతనం. రాత్రిపూట కూర్చోబెట్టి దిద్దించే వలంటీర్లకు అదీ లేదు. వాళ్ళది సేవ. 2018 మార్చితో పథకం ముగిసింది, మేమూ ఇంటికొచ్చాం. ఇప్పుడొచ్చిన ఉల్లాస్ పథకం కూడా వలంటీర్ల మీదే నడుస్తోంది. అన్నం పెట్టే పనులన్నిటికీ కూలి ఉంది గానీ, అక్షరం పెట్టే పనికి వచ్చేసరికి అందరికీ ధర్మం గుర్తొస్తుంది.

ధర్మం సంగతే అయితే, మనుస్మృతి మూడో అధ్యాయంలో శ్రాద్ధానికి పిలవకూడని వాళ్ళ వరసలో జీతానికి చదువు చెప్పేవాడూ ఉన్నాడు, వాడి దగ్గర చదివినవాడూ ఉన్నాడు. చదివి నవ్వుకున్నాను. ఆ పుస్తకం మాట చెల్లితే నా కేంద్రంలో పలక పట్టిన ఆడవాళ్ళలో ఒక్కరికీ అక్షరం దక్కేది కాదు. దాన్నడిగి నా జీతం తేల్చుకోవడమేమిటి?

పాత మాటల్లో నాకు నచ్చింది మరొకటుంది, ఋషి ఋణం. నేర్చుకున్నవాడు అప్పు పడ్డాడు, ఇంకొకరికి నేర్పితే తీరుతుంది. దానమైతే ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుంది. అప్పు తీర్చేవాడికి ఆ పొగరుండదు. అయినా అప్పు తీర్చేవాడు కూడా తినాలిగా, తినకపోతే రేపటి వాయిదా ఎట్లా కడతాడు?

ఈ తర్కమంతా చేస్తున్నది ఎమ్మే చదివే బుర్ర. ఒక అవ్వ మాత్రం దీన్ని ఎప్పుడో తేల్చేసింది. పడుచుతనంలో లేబరు పోయి డ్యాముల కాడ రాళ్ళు మోసిన మనిషి. నాట్ల నుంచి నేరుగా కేంద్రానికి వచ్చేది, గోళ్ళలో బురద ఆరకముందే. చెరిపే ముందు పలకను కళ్ళకద్దుకునేది. మూడో రోజు కొంగు విప్పి నా ఒళ్ళో గుప్పెడు బుడ్డలు పోసింది. పల్లీలనే మా వైపు బుడ్డలంటాం. వద్దంటే కోపమొచ్చింది. ‘‘ఉట్టిగ నేర్సుకుంటే నిలుస్తదా పంతులమ్మా?’’ నిలవడం కోసమే రోజూ తెచ్చేది. ‘బ’కు పొట్ట సరిగ్గా రావడానికి ఆమెకు పది రోజులు పట్టింది. సంతకం వచ్చిన రోజు బుడ్డలు రెండు గుప్పిళ్ళయ్యాయి.

మొన్న పింఛన్ల కాడ కనిపించింది. వరసలో తన వంతు రాగానే పెన్ను కోసం చెయ్యి చాపింది. ఎదుట మిషిన్ పెట్టారు, వేలు పెట్టమన్నారు. మొదటిసారి పడలేదు. వేలు కొంగుకు తుడిచి మళ్ళీ పెట్టింది, పడింది. డబ్బులు నడుముకు దోపుకుని, వెనక్కి తిరిగి నన్ను చూసి బోసినోరు తెరిచింది.

‘‘పంతులమ్మా, మళ్ళ ఏలే అడిగిండ్రు. నా బుడ్డలు నాకియ్యి.’’