కర్త లేని మాటలు

ఎవే భాషలో ఊరికే 'తినడం' అనడానికి వీల్లేదు, తినే వస్తువును కూడా చెప్పాలి. 'డు' అంటే తిను, 'ను' అంటే వస్తువు. మామూలు వాక్యంలో క్రియ ముందు, కర్మ తరవాత: 'మె డు ను', నేను తిన్నాను. ఆ క్రియను నామం చేయాల్సి వచ్చేసరికి వరస తిరగబడుతుంది. వస్తువు ముందుకొస్తుంది, క్రియ రెండుసార్లు పలుకుతుంది: 'నుడుడు'. తినడమూ అదే, తిండీ అదే.

ఎవేలు ఘనా ఆగ్నేయ భాగాన, సరిహద్దు దాటితే టోగో దక్షిణాన ఉంటారు. జర్మన్ల వలసగా ఉన్న టోగోను మొదటి ప్రపంచ యుద్ధం తరవాత బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్నాయి. ఒక్క భాష మాట్లాడే ఊళ్ల మధ్య అలా గీత పడింది. ఘనాలో పెద్ద పీట అకాన్ ప్రజలది. 2021 జనాభా లెక్కల్లో ఎవేలు దాదాపు 13 శాతం. మిషనరీగా టోగో వెళ్లిన జర్మన్ పండితుడు డీడ్రిక్ వెస్టర్‌మాన్ 1907లో ఈ భాషకు వ్యాకరణం రాశాడు. 1963లో ఘనా భాషావేత్త గిల్బర్ట్ ఆన్‌స్రే ఈ ద్విరుక్తి మీదే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు.

ఎవే మాట్లాడే మనిషి నా ఎరుకలో ఒక్కరూ లేరు. అయినా ఆ వ్యాకరణంలో క్రియలు నామాలయ్యే భాగాన్ని వదలకుండా చదువుతున్నాను. ఎందుకని నన్ను నేను అడుగుతూ వచ్చాను. భాషాశాస్త్రం మీద ఇష్టమని కొన్నాళ్లు సరిపెట్టుకున్నాను. ఆ సమాధానం అబద్ధం కాదు గానీ, దాని వెనక ఇంకొకటి ఉంది.

మా నాన్న పోయాక నేను రాసినదంతా తిరగేస్తే 'నాన్న పోయాడు' అన్న వాక్యం ఎక్కడా లేదు. 'నాన్న మరణం' అని ఉంది. 'ఆయన లేకపోవడం' అని, 'ఆ లోటు' అని ఉంది. తెలుగు క్రియను ముగించాలంటే ఎవరు, ఎప్పుడు అన్నవి చెప్పి తీరాలి. 'పోయాడు'లో చివరి 'డు' దగ్గర నాన్న నిలబడి ఉంటాడు, అది జరిగిపోయిందన్న సంగతీ ఉంటుంది. 'మరణం' దగ్గర ఎవరూ ఉండరు, అది ఏ రోజుకైనా సరిపోతుంది. అందుకే నా చేయి అటు పోయింది. నాకు కర్త లేని మాట కావలసి వచ్చింది.

ఇదే పనిని ఆఫీసు కాగితాల్లో చూసి నేను మండిపడేవాణ్ణి. 'తొలగించడం జరిగింది', 'గుడిసెలు ఖాళీ చేయించడం జరిగింది'. ఎవరో ఒకరు సంతకం పెట్టారు, ఎవరో ఒకరు బుల్‌డోజర్ తోలారు. వాక్యంలో మాత్రం అదేదో వాన కురిసినట్టు జరిగిపోయింది. ఆ కోపం ఇప్పటికీ న్యాయమే అనుకుంటాను. కాకపోతే కర్తను దాచుకోవడానికి మనిషికి భయం కూడా కారణం కావచ్చని, నొప్పి కూడా కావచ్చని నా మీదుగా తెలిసింది.

తెలుగులో క్రియ నామం కావడం మెట్లు మెట్లుగా జరుగుతుంది. 'నువ్వు రావడం' అన్నప్పుడు 'నువ్వు' ఇంకా కర్తగానే ఉంటావు. 'త్వరగా రావడం' అనవచ్చు, 'రాకపోవడం' అనవచ్చు. అది సగం క్రియే. 'నీ రాక' అనేసరికి నువ్వు కర్తవు కావు, ఆ రాకకు సొంతదారువి. ఇంకాస్త పాత మాటల్లో ధాతువు లోపలి అచ్చే సాగుతుంది: చెడు చేటయింది, పడు పాటయింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో కృదంతాలకు ఒక పరిచ్ఛేదమే ఉంది. చిన్నప్పుడు బట్టీ పట్టిన ఆ సూత్రాలు ఇంత దగ్గరి విషయాలని అప్పుడు తోచలేదు.

ఎవేలోనూ కర్త సొంతదారు అవుతాడు. 'యి' అంటే వెళ్లు, 'యియి' వెళ్లడం. 'కోఫీ ఫె యియి' అంటే కోఫీ యొక్క వెళ్లడం. కానీ క్రియ మాత్రం రెండింతలై వినబడుతుంది. 'ఙ్లో' అంటే రాయు. మన ఓనమాల్లో ఉండి, మాట మొదట ఎన్నడూ రాని ఙ-కారం అక్కడ మాటను మొదలుపెడుతుంది. రాయడం అనాలంటే 'నుఙోఙ్లో'. మొదటి ఙో-లో ల-కారం జారిపోయింది, రెండోదానిలో నిలిచింది. ఇలాంటి జంట హల్లుల క్రియలకు మామూలుగా ఇదే తీరు. కొను అనే 'ఫ్లె', కొనడం అయ్యేసరికి 'ఫెఫ్లె' అవుతుంది.

తెలుగు చెవికి ఇది ఇంకోలా తగులుతుంది. మనం 'నడిచి నడిచి', 'చూసి చూసి' అంటే ఆ పని చాలాసేపు సాగిందని అర్థం. అందుకని 'యియి' చదివినప్పుడల్లా నాకు ముగియని వెళ్లడమే వినబడుతుంది. ఎవేలో ఆ నామానికి ఆ అర్థం లేదు; అక్కడ ఈ ద్విరుక్తి పని క్రియను నామం చేయడం. ఆ సాగదీత నా భాష నాకిచ్చినది. అయినా దాన్ని వదులుకోవాలనిపించదు. నామం అయ్యాక కూడా పని ఆగలేదని చెప్పే మాట కోసమే ఆ పేజీలు తిప్పుతున్నానని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆ భాషలో కర్తను తిరిగి తెచ్చే దారీ ఉంది. చివర 'లా' చేరిస్తే చేసే మనిషి వస్తారు: 'నుఙ్లోలా', రాసే మనిషి. ఇక్కడ క్రియ ఒక్కసారే పలుకుతుంది. రైతును 'అగ్బ్లెదెలా' అంటారు. అగ్బ్లె పొలం, దె వెళ్లు. పొలానికి వెళ్లే మనిషి. ఆడా మగా తేడా లేదు. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. తెలుగులో రైతు అనగానే మన కళ్లకు తలపాగా చుట్టిన మగవాడే కనిపిస్తాడు. పట్టా కూడా ఎక్కువగా అతని పేరు మీదే ఉంటుంది. పొలానికి వెళ్లడమే లెక్కయితే మా ఇంట్లో ఇద్దరు రైతులు. నాన్న పోయాడు. అమ్మ ఇంకా పొలానికి వెళ్తోంది. మొన్న నాట్లప్పుడు కూలీలకంటే ముందే మడిలోకి దిగింది.