కొండదారిలో జట్టుధర్మము

పదిమంది కలసి చేయు సాహసములో నొక్కని ప్రాణమునకుఁ బూచీ యెవఁడు? తన ప్రాణమునకుఁ దానే పూచీ యని కొందఱందురు. నాయకుని నమ్మి వచ్చితిమి, కావున నాయకుఁడే పూచీ యని మఱికొందఱందురు. ఈ ప్రశ్న పూర్వము వర్తకుల బిడారులకును, తీర్థయాత్రికుల గుంపులకును, ఓడవారికిని సంబంధించినది. నేఁడది మన యింటి వసారాలోనికి వచ్చినది. హైదరాబాదులోను, విశాఖపట్టణములోను, ఉద్యోగరీత్యా పరదేశములలోను నున్న మన పిల్లలలోఁ గొందఱు సెలవునాఁడు తెల్లవాఱకమునుపే లేచి, లావుచక్రముల కొండసైకిళ్ళతో జట్లుజట్లుగా గుట్టలపైకిఁ బోవుచున్నారు. ఆకాశము మబ్బుగా నున్నది, నేఁడు మానరాదా యని తల్లి యడుగును. అందఱును బోవుచున్నారు గదా యని కొడుకు బదులు చెప్పును. ఆ "అందఱు" అను మాటలో ధర్మమెంత యున్నదో, భ్రమ యెంత యున్నదో విచారింపవలసియున్నది.

ఈ వాహనముయొక్క పుట్టుక చెప్పుకొనఁదగినది. 1970ల దశాబ్దములో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మరీన్ కౌంటీలో, కొందఱు యువకులు పాతబడిన లావుటైర్ల బరువుసైకిళ్ళను బాగుచేసికొని, వానిని గొండపైకిఁ జేర్చి, మట్టిదారులవెంట దిగువకుఁ దోలెడివారు. 1976వ సంవత్సరము అక్టోబరులో ఫెయిర్‌ఫాక్సు సమీపమున వారు మొదలుపెట్టిన పందెమునకు రీప్యాక్ అని పేరు. దిగునపుడు వెనుకచక్రపు బ్రేకు కాఁగి, లోపలి గ్రీజు పొగయై పోవుటచేఁ బ్రతిమాఱును గ్రొత్తగ్రీజు కూరవలసివచ్చెడిది. ఆ పనినిబట్టియే యాపేరు వచ్చినది. 1977లో జో బ్రీజ్ అను నతఁడు ఈ దారులకే తగిన చట్రమును నిర్మించెను. పిమ్మట నిరువదియేండ్లు నిండకమునుపే, 1996లో, అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో దీనికిఁ జోటు దొరకెను. మిత్రుల వినోదముగా మొదలైనది గావున దీనికి సైన్యపుఁ గట్టుబాటు లేదు. అధికారి లేఁడు, ఆజ్ఞ లేదు, స్నేహమే కట్టుబాటు. దీని సొగసంతయు నందే యున్నది. చిక్కంతయు నందే యున్నది.

అభ్యాసమునకై పోవువాఁడు వానకు వెఱవనేల యని వాదించువారు కలరు. వారి వాదము తేలికగాఁ ద్రోసివేయరానిది. ఎండ కాసిన దినము చూచికొనియే బయలుదేఱువానికి బురదలోఁ జక్రమెట్లు జాఱునో, తడిసిన వేరుపై నెట్లు నడపవలెనో, నీళ్ళు తగిలిన బ్రేకు పట్టుట కెంత దూరము గావలెనో యెన్నఁడును దెలియదు. పందెమునాఁటి వాన యెవ్వరి యనుమతియు నడుగదు. సుఖముగాఁ బెంచిన బిడ్డ లోకములో నిలువలేఁడని మన పెద్దలును జెప్పిరి. ఇదియంతయు నిజమే. కాని కష్టము వేఱు, గండము వేఱు. అభ్యసించినకొలఁది తగ్గునది కష్టము. ఎంత యభ్యసించినను దగ్గనిది గండము. బురద, చిఱువాన, నిట్రమైన యెక్కుడు, ఇవి నేర్పునకు లొంగును. పిడుగు నేర్పును జూడదు. మెఱుపులక్రింద నూఱుమాఱులు శిఖరమెక్కి బ్రదికివచ్చినవాఁడు నేర్చినది భయపడకుండుట యొక్కటియే. అది పనికిమాలిన చదువు మాత్రమే కాదు, ఇతరులకుఁ జెప్పఁబూనినచోఁ బ్రాణాంతకమైన చదువు. కాఁబట్టి జట్టు తన్నుఁ దా నడుగుకొనవలసిన మొదటి ప్రశ్న యిది: నేఁడు మన యెదుట నున్నది కష్టమా, గండమా?

ఈ భేద మెఱిఁగి నడచుకొను పద్ధతికిఁ గొలరాడో రాష్ట్రములోని లెడ్‌విల్ పట్టణము మంచి యుదాహరణము. అది సముద్రమట్టమునకు 3,000 మీటర్లకుఁ బైగా నున్న గనుల యూరు. 1980ల దశాబ్దారంభమున సమీపపు మాలిబ్డినపు గని మూఁతపడి జనులు పనిలేక యుండఁగా, ఊరిని బ్రదికింపఁదలఁచి యొక గనికార్మికుఁడు 1983లో 100 మైళ్ళ పరుగుపందెమును నెలకొల్పెను. 1994లోఁ గొండసైకిళ్ళ పందెమును దానికిఁ దోడయ్యెను. దాని మలుపుచోటు 3,700 మీటర్లకుఁ బైని, చెట్లు మొలచు హద్దును దాఁటి యున్నది. ఆ సీమలో జూలై, ఆగస్టు మాసములందు ఉదయము నిర్మలముగా నుండి, మధ్యాహ్నము తిరుగఁగనే యుఱుములు పుట్టుట పరిపాటి. ఎండకుఁ గొండచఱియలు కాఁగి, తేమగాలి పైకెగసి, కొలఁది గంటలలో మొయిళ్ళుగాఁ బేరుకొనును. కాఁబట్టి మధ్యాహ్నమునకు ముందే యెత్తులు విడిచి చెట్లలోనికి దిగవలెనని యచటి యనుభవజ్ఞులు చెప్పుదురు. అనఁగా ఆకాశము నీలముగా నున్నపుడే వెనుకకు మరలుమను నియమమన్నమాట. మెఱుపు కనఁబడిన పిదప 30 సెకండ్లలోపల నుఱుము వినఁబడినచోఁ బిడుగు సుమారు 10 కిలోమీటర్లలోపలనే యున్నదనియు, కడపటి యుఱుము తరువాత 30 నిమిషములు గడచువఱకును మఱలఁ బైకిఁ బోరాదనియు నొక లెక్క యున్నది. ఇట్టి నియమములు పిఱికివాఁడు చేసికొనినవి కావు. కోరిక చెవిలో నూదుచున్నపుడు మనస్సు నిజము చెప్పదని యెఱిఁగినవాఁడు చేసికొనినవి.

మనస్సు నిజము చెప్పదనుట యలంకారము కాదు. శరీరశాస్త్రమే యట్లు చెప్పుచున్నది. ఎత్తు 1,000 మీటర్లు పెరిగినచో సగటున 6.5 డిగ్రీల వేఁడి తగ్గును. ఎక్కునపుడు దేహము కాఁగి బట్టలు చెమటతోఁ దడియును. దిగునపుడు కాళ్ళకుఁ బని యుండదు, గాలి మాత్రము వడిగాఁ గొట్టును. తడిబట్టలో నున్న వేఁడి యంతయు హరించిపోయి, వ్రేళ్ళు కొయ్యబాఱి బ్రేకు పట్టఁజాలవు. దేహపు వేఁడి 35 డిగ్రీలకుఁ దిగువకు జాఱినచో మాట తడఁబడును, అడుగు తడఁబడును, విసుగు పుట్టును, వివేకము తప్పును. తనకేమియుఁ గాలేదని యా రోగియే యందఱికంటె గట్టిగా వాదించును. 1988 జూన్ 5వ తేదీని ఇటలీ దేశపు సైకిలుపందెములో, 2,600 మీటర్ల గావియా కనుమపై మంచు కురిసెను. వారు పోయినది కొండసైకిళ్ళతోఁ గాదు గాని, చలికి సైకిలుభేదము లేదు. పొట్టిచేతుల చొక్కాతో నందఱికంటె ముందుగాఁ గనుమ నెక్కిన యోహాన్ వాన్‌డెర్ వెల్డె, దిగువదారిలోఁ జలికి నిలువలేక తలదాచుకొని, ముప్పావుగంటకుఁ బైగా వెనుకఁబడెను. ఆ యుదయమే జట్టువారు ఉన్నితొడుగులు కొని సిద్ధపఱచిన ఆండీ హాంప్‌స్టెన్, ఆ దినము రెండవవాఁడుగా వచ్చియు నగ్రస్థానపు గులాబిరంగు చొక్కాను దొడిగికొనెను. ఇందు మన కుపయోగించు నీతి జయాపజయములది కాదు. ఆపదలో మొట్టమొదట చెడునది మనస్సే యైనచోఁ దన ప్రాణమునకుఁ దానే పూచీ యను సిద్ధాంతము నిలువదు. ఆ సమయమున నా మనస్సు నీయొద్ద నుండవలెను, నీ మనస్సు నాయొద్ద నుండవలెను. జట్టుగాఁ బోవుటకు మొదటి కారణ మిదియే. ముచ్చట్లు రెండవది.

ఇఁక రెండవవారి సిద్ధాంతము. నాయకుఁడే పూచీ యని చెప్పి తక్కినవారు నోరు మూసికొనుట యుచితమా? మౌన మర్ధాంగీకార మని మనలో నొక సామెత కలదు. ఈ సామెత మన యిండ్లలోఁ జేసిన చెఱుపు లెక్కింపరానిది. పెండ్లిచూపులలోఁ దలవంచుకొనిన పిల్ల మౌనమును, తండ్రి నిర్ణయించిన చదువును బట్టిన పిల్లవాని మౌనమును, పెద్దకోడలి యెదుటఁ జిన్నకోడలి మౌనమును మన మంగీకారముగా లెక్కవ్రాసికొంటిమి. ఆ దోషమే కొండపైకిని బోయినది. మబ్బు దిగుచుండఁగా నాయకుఁడు వెనుదిరిగి, "అందఱును బాగుగా నున్నారా?" యని యడుగును. క్రొత్తగాఁ జేరినవాఁడు వణఁకుచునే తలయూపును. నాయకుని కంటికి జట్టంతయు ధైర్యముగాఁ గనఁబడును. జట్టునకు నాయకుఁడు ధైర్యముగాఁ గనఁబడును. ఒకని మౌనమును జూచి యొకఁడు ధైర్యము తెచ్చుకొనును. పదిమందిలో నొక్కఁడును గోరని దారిని బదిమందియు బట్టుట కింతకంటె వేఱు కారణ మక్కఱలేదు. భయముచేతఁ గలిగిన మౌనము, తెలియమిచేతఁ గలిగిన మౌనము, సిగ్గుచేతఁ గలిగిన మౌనము, ఇందేదియు నంగీకారములోఁ బాతికవంతు కూడఁ గాదు.

బలవంతులను ముందును బలహీనులను వెనుకను విడఁదీసి నడపుట యింకొక యాచారము. అది సౌకర్యముగాఁ దోఁచును. 1971 నవంబరులో స్కాట్లండు దేశపు కెయిర్న్‌గార్మ్ పర్వతములకు ఎడింబరోనుండి విద్యార్థుల నట్లే రెండు జట్లుగాఁ గొనిపోయిరి. మంచుతుపాను వచ్చెను. బలమైన జట్టు గుడిసెను జేరెను. బలహీనమైన జట్టు బయటనే చిక్కుకొని రెండు రాత్రులు గడపెను. అయిదుగురు విద్యార్థులును, వారితోఁబోయిన పదునెనిమిదేండ్ల శిక్షకురాలును మరణించిరి. ఎక్కువ తోడు గావలసినవారికిఁ దక్కువ తోడు దొరకునట్లు చేయు నేర్పాటు, ఎంత సదుద్దేశముతోఁ జేసినను, న్యాయము కాఁజాలదు. జట్టుయొక్క బలమును ముందుండువానినిబట్టి కొలుచుట లోకాచారము. దానిని గడపటివానినిబట్టి కొలువవలెనని నా మనవి. గొలుసు బలము దాని పలుచని కొక్కెమునందే యున్నదని కమ్మరివాఁ డెఱుఁగును.

2021 మే 22వ తేదీని చైనాదేశపు గాన్సు రాష్ట్రములో జరిగిన 100 కిలోమీటర్ల కొండపరుగును గూడఁ జెప్పవలెను. 172 మంది పాల్గొనిరి. మధ్యాహ్నమునకు వడగండ్లు, గడ్డకట్టు వాన, పెనుగాలి వచ్చిపడెను. గాలి నాఁపు పైచొక్కా తప్పక వెంట నుండవలెనను నియమము లేకుండుటచేఁ బెక్కండ్రు పలుచని దుస్తులతోనే యుండిరి. 21 మంది మరణించిరి. ఆ దినమే గొఱ్ఱెలకాపరి యొకఁడు, తాను దలదాచుకొనిన గుహలోనికిఁ దెచ్చి, మంట వేసి, ఆఱుగురిని రక్షించెను. ఆ పరుగుతో వానికేమియు సంబంధము లేదు. వాఁ డెవ్వరి నాయకుఁడును గాఁడు, ఎవ్వరికిని మాట యిచ్చినవాఁడు గాఁడు. పూచీ యెవరిదను తర్కము వాని కడ్డురాలేదు. చలిలో వణఁకు మనుష్యుని గన్నవాఁడే వానికిఁ బూచీ యని వాని నడవడి చెప్పుచున్నది. అట్లనుటచే నేర్పాటు చేసినవారి బాధ్యత తగ్గదు. కాపరి దయ దైవికముగా దొరకెను; పైచొక్కా ముందుగా నియమింపఁదగినదై యుండెను. దయను నమ్ముకొని నియమమును మానుట పెద్ద తప్పు.

అట్లైనచోఁ జేయవలసినదేమి? నిర్ణయములను గొండపైనఁ గాక, కొండయడుగునఁ జేసికొనవలెను. చెమట పట్టకమునుపు, శిఖరము కనఁబడకమునుపు, మాట స్పష్టముగా నుండఁగనే ఒడంబడిక కావలెను. ఎన్ని గంటలకు మరలుదుము? ఏ గుర్తు కనఁబడినచో మరలుదుము? నడుమ దిగిపోవుటకు దారు లెక్కడెక్కడ నున్నవి? పొడిబట్ట, వానచొక్కా ప్రతివానియొద్దను గలవా? ఒకఁడు మరలినచో వానితోఁ గూడ మరలువాఁ డెవఁడు? మొదట నభిప్రాయము చెప్పువాఁడు జట్టులో నందఱికంటెఁ జిన్నవాఁడు కావలెను, నాయకుఁడు కడపటఁ జెప్పవలెను. పెద్దవాఁడు ముందు పలికినచోఁ జిన్నవాని నోట నతని మాటయే వచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది యిది: మరలుదమని యొక్కఁడన్నను మరలవలెను, కారణ మడుగరాదు, ఇంటికి వచ్చిన తరువాత నెగతాళి చేయరాదు. పోవుట కందఱ సమ్మతియు గావలెను. మరలుట కొక్కని మాట చాలును.

పిఱికివాఁ డొక్కఁడుండినచో నిఁక నే జట్టును గొండ నెక్కఁజాలదు గదా యని యాక్షేపింతురు. ఒకటి రెండు మాఱు లట్లు జరుగవచ్చును. కొండ యెచ్చటికిని బోదు. వచ్చువారము మఱల నెక్కవచ్చును. ఒక సెలవుదినము నష్టపోవుటకును, ఒక యింటి దీప మాఱిపోవుటకును దులామానము లేదు. అంతేకాదు, వద్దనుట కధికారము గలవాఁడు దానిని మెల్లమెల్లగాఁ బొదుపుగా వాడుకొనుట నేర్చును. అధికారము లేనివాఁడే భయమును మ్రింగి, మ్రింగి, కడకుఁ బనికిరాని సమయమునఁ గ్రక్కును. నిజముగాఁ బ్రతిదినమును భయపడువానికిఁ దగిన తేలికదారిని జూపుట జట్టుధర్మము. వానిని సిగ్గుపఱచి యెత్తులకుఁ గొనిపోవుట ధర్మము కాదు.

తలిదండ్రులు దీనినిఁ జదివి, చూచితివా, కొండలు మన కెందులకని పిల్లలను నట్టింటఁ గట్టివేయుదురేమో యని నాకు భయము గలదు. ముఖ్యముగా నాఁడుపిల్లలకు వాన యెల్లప్పుడును గుంభవృష్టిగానే చెప్పఁబడును. ఆ పద్ధతి మేలు కాదు. వద్దని మాత్రమే విని పెరిగిన బిడ్డకు, వద్దని తాను బలుకుట రాదు. మబ్బును జూచి తనంతఁ దాను లెక్కవేసికొని, పదిమంది పోవుచుండఁగా "నేను రాను, మీరును బోవలదు" అనఁగల గొంతు గావలసినది. ఆ గొంతు కొండపైన హఠాత్తుగాఁ బుట్టదు. భోజనముల యొద్దఁ జిన్నబిడ్డ కాదన్నపుడు పెద్దవారు కోపగింపక కారణము వినిన యిండ్లలోఁ బుట్టును. మీ పిల్లవాఁ డీ సెలవునాఁడు సైకిలు వెలికిఁ దీసినపుడు, పోవలదని మీ రనకుఁడు. మీ జట్టులో మరలుదమని మొన్న నన్నవాఁ డెవఁడు, వానిని మీ రేమంటిరి, అని యడుగుఁడు. వాఁడు చెప్పు బదులునుబట్టి యా జట్టుతోఁ బంపవచ్చునో లేదో మీకే తెలియును.