రాజ్యము – రథము

సంఘమునకు కళ ముఖ్యమా, రాజనీతి ముఖ్యమా యను ప్రశ్న సభలయందు తరచుగా వినవచ్చుచుండును. కళయన వినోదమనియు, రాజనీతియన పదవియనియు తలచువారు ఎన్నాళ్లు వాదించినను దీనికి సమాధానము దొరకదు. కర్మ యేదైనను, అది యెవరికి అర్పింపబడుచున్నదో దానినిబట్టియే దాని విలువ యేర్పడునని గీతాచార్యుని మతము. ఆ దృష్టితో చూడదలచినవారు బస్తరు అడవులవైపు ఒకసారి తిరుగుట మేలు.

ఆంధ్రులకు బస్తరు పరాయిసీమ కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు గోదావరి దాటి ఆ యరణ్యములకేగి రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశమువారి సంప్రదాయము. కులదేవతయు ఆయన వెంట బయలుదేరెనట. రాజు ముందు నడువవలెను. అందెల సవ్వడినిబట్టి దేవి వచ్చుచున్నదని గ్రహింపవలెను. వెనుదిరిగి మాత్రము చూడరాదు. శంఖినీ డంకినీ నదుల సంగమమున దేవి పాదములు ఇసుకలో దిగబడి సవ్వడి ఆగినది. రాజు సందేహించి వెనుకకు చూచెను. దేవి అచ్చటనే నిలిచిపోయెను. దంతెవాడలోని దంతేశ్వరీ ఆలయము ఆ సంగమముచెంతనే యున్నది.

ఈ కథలో దారిపొడవున రాజునకు దేవి రూపము గోచరింపలేదు, నాదమే వినబడినది. నాదము వినవచ్చునంతవరకే ఆయన పయనము. ప్రభుత్వము ముందు నడచి దారి తీయును. అది దాని ధర్మము. జనుల హృదయములలోని దైవము వెంట వచ్చుచున్నదా లేదా యని తెలుపునది పాట, ఆట, శిల్పము. వెనుకనున్న శక్తియందు విశ్వాసము సడలి, దానిని లెక్క చూచుకొనబోయిననాడు పాలకుని యాత్ర ముగియును.

బస్తరు దసరా ఆషాఢ అమావాస్యనాడు ఆరంభమై సాధారణముగా 75 దినములు సాగును. అచ్చట రావణవధ లేదు, ఉత్సవమంతయు దంతేశ్వరిదే. తొలిపూజ దేనికనుకొన్నారు? రథమునకై అడవినుండి తెచ్చిన దుంగకు! ఝార్ ఉమర్‌గాఁవ్, బేడా ఉమర్‌గాఁవ్ గ్రామముల వడ్రంగులును కమ్మరులును జగదల్‌పురమునకు వచ్చి యేటేట క్రొత్తరథము కట్టుదురు. ఒక యేడు నాలుగు చక్రములది, మరుసటియేడు ఎనిమిది చక్రములది. భాద్రపద అమావాస్యనాడు మిర్గాన్ కులపు పసిబాలిక యొకతె కాఛన్‌దేవి యావేశమున ముండ్ల ఊయలపై పరుండును. రాజవంశీయుడు ఆమె యెదుట నిలిచి పండుగకు అనుమతి వేడవలెను. సింహాసనము ఊయలముందు చేతులు జోడించు ఈ ఘట్టమును మించిన రాజనీతిపాఠము ఏ అర్థశాస్త్రమునందు కలదు?

పురుషోత్తమదేవ మహారాజు పూరీయాత్ర చేసి, రథపతియను బిరుదము పొంది వచ్చి, ఈ రథోత్సవమును నెలకొల్పెనందురు. పూర్వము రాజే రథమెక్కెడివాడు. 1948 జనవరి 1న సంస్థానము భారతదేశమున కలిసిపోయెను. ఇప్పుడు రథముపై దేవి ఛత్రము మాత్రమే ఊరేగుచున్నది. ఎక్కువాడు లేకపోయినను, కట్టువారును లాగువారును ఉన్నారు.

అట్లని రాజనీతి నిరర్థకమనుట తొందరపాటు. 1876లో అధికారుల పీడ సహింపలేక మురియాలు తిరుగబడిరి. ఆ కల్లోలము చల్లారిన పిదప, జనుల మొర వినుటకై యేర్పడిన మురియా దర్బారు దసరాలో భాగమై నేటికిని జరుగుచున్నది. అడవులు రక్షితములన్న పేరుతో తమ చేతినుండి జారిపోవుచుండగా 1910లో గుండాధూరు నాయకత్వమున భూమకాల్ చెలరేగినది. ఏ నృత్యమును ఆ యడవిని కాపాడలేకపోయినది. అడవి లేనిచో రథమునకు మ్రాను ఎక్కడిది? 1966 మార్చి 25న జగదల్‌పురపు కోటలో పోలీసుకాల్పులకు ప్రవీరచంద్ర భంజదేవ మహారాజును, ఆయనతోడి ఆదివాసులును బలియైరి. మొర వినవలసినచోట తుపాకి పలికినది. 2005 తరువాతి కలహములలో ఊళ్లకు ఊళ్లు ఖాళీయై, వేలాది జనులు గోదావరీతీరపు తెలుగు మండలములకు వలసవచ్చిరి. గ్రామదేవత అచ్చటి మ్రానిక్రిందనే యుండిపోయెను. ఆమె జాతరలో డోలు వాయించినవాడు ఇచ్చట మిరపతోటలో కూలికి పోవుచున్నాడు. పాలన చెడిన నేలపై కళ యేమగునో ఆతని చేతులను చూచిన తెలియును.

కొండగాఁవ్‌లోని ఘడ్వాల పనితనము ఇచ్చట స్మరింపదగినది. మన ఆదిలాబాదు ఓజాలకును ఈ విద్య తెలిసినదే. మట్టిబొమ్మపై తేనెమైనపు దారములు చుట్టి, పైని మరల మట్టి మెత్తి కాల్చుదురు. మైనము కరగి తొలగినచోట కరగిన ఇత్తడి పోయుదురు. మూసలో పగులున్నచో ఇత్తడి నేలపాలగును. మూసను పగులగొట్టనిచో ప్రతిమ బయటికి రాదు. ప్రభుత్వమును అట్టి మూసయే. అది గట్టిగా నుండకపోయిన సర్వము చెడును. అయినను గుడిలో నిలిపి పూజించునది మూసను కాదు. ఓరుగల్లు మూస పగిలినది, బస్తరు సంస్థానపు మూసయు పగిలినది. దంతేశ్వరి మాత్రము ఆ జనుల యిండ్లలో నిలిచియున్నది.

విజయదశమి రాత్రి మారియాలును మురియాలును ఎనిమిది చక్రముల రథమును ‘దొంగిలించి’ కుమ్హడాకోట్‌కు లాగికొనిపోవుదురు. ఒకప్పుడు రాజు తమను పిలువలేదను కోపమున వారిట్లు చేసిరట; ఆ కోపమే పండుగలో ఆచారమైనది. మరునాడు రాజవంశీయుడు అచ్చటికేగి, వారి సరసన కూర్చుండి క్రొత్తబియ్యపు అన్నము తిని, రథమును తిరిగి యిమ్మని అడుగవలెను. అడిగిన పిమ్మట వారే నారత్రాళ్లు భుజముల కెత్తుకొని రథమును నగరమునకు లాగుకొని వత్తురు.