చంటిదాని గడ్డ మీద చేయి వేయనీయకు తల్లీ

అమ్మాయీ, చంటిదానికి రొమ్ము దగ్గర గడ్డ లేచిందనీ, ఎర్రగా కంది ముట్టుకుంటే గుక్కపట్టి ఏడుస్తోందనీ మీ అమ్మ చెప్పినప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. నీళ్లు పోసే అవ్వ మాట కాస్త పక్కన పెట్టి, ఈ పెద్దమ్మ మాట విను.

పుట్టిన బిడ్డకు, ఆడైనా మగైనా, రొమ్ములు ఉబ్బి ఉండటం మామూలే. నీ ఒంట్లోని హార్మోన్లు కడుపులో ఉండగానే దానికి చేరాయి, అందుకే ఆ ఉబ్బు. ఒక్కోసారి రెండు చుక్కల పాలూ వస్తాయి. ముట్టుకోకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో అదే తగ్గిపోతుంది. పిండాలని మన ఇళ్లలో ఎవరు మొదలుపెట్టారో గానీ, అలా పిండినప్పుడే లేత చర్మం చిట్లి, చేతుల మీది క్రిములు లోపలికి పోయి చీము పడుతుంది. ఇక ఎవరినీ పిండనీయకు. వేపాకూ పసుపూ నూరి కట్టనీయకు.

ఈ చీముకు ఎక్కువగా కారణం స్టాఫిలోకాకస్ అనే క్రిమి. ఆరోగ్యంగా తిరిగేవాళ్ల ముక్కులోనూ ఉంటుందది. అందులో మొండి రకాన్ని ఎంఆర్‌ఎస్‌ఏ అంటారు. మెథిసిలిన్ అనే మందు 1959లో వస్తే, 1961కల్లా దానికి లొంగని రకం బ్రిటన్‌లో బయటపడింది. అమాక్సిసిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన సిరప్ పోస్తూ కూర్చుంటే విలువైన రోజులు పోతాయి.

డాక్టరు చిన్న గాటు పెట్టి చీము తీయాలంటే బెంబేలు పడకు. ఆ చీమును, ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు పంపుతున్నారా అని నువ్వే అడుగు. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అది చూసి మందు మార్చవచ్చు, వాంకోమైసిన్ లాంటిది నరంలోకి ఎక్కించాల్సి రావచ్చు. పురిటి బిడ్డకు ఆసుపత్రేమిటని మీ అత్తగారు అంటే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను. గడ్డ తగ్గినట్టు కనిపించినా మందు మధ్యలో ఆపకండి. డాక్టరు వద్దంటే తప్ప నీ పాలు ఇవ్వడం మానొద్దు. బిడ్డను ఎత్తుకునే ప్రతివాళ్లూ ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మీ మామగారితో సహా.

ఒళ్లు 100.4 డిగ్రీలు దాటినా, చల్లబడినా, పాలు పట్టకపోయినా, మగతగా పడి ఉన్నా అర్ధరాత్రయినా సరే బయలుదేరండి. ఇప్పుడు అవేవీ లేకపోయినా రేపటిదాకా ఆగకు. ఈ సాయంత్రమే పిల్లల డాక్టరుకు చూపించి, ఆయనేమన్నారో నాకు ఫోన్ చెయ్యి.