పేరు మోసిన తాత

ప్రపంచంలోని తాతలందరిలో నేను చేతులెత్తి మొక్కే తాత ఒకాయన ఉన్నాడు. పేరు ఫాల్కనర్ మాడన్. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయానికి పెద్దగా పనిచేసి, విశ్రాంతిలో ఉన్న మనిషి. ఆయన కూతురి కూతురు వెనీషియా బర్నీ. ఆరేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకుని, తల్లితో పాటు తాతగారింటికి చేరిన పిల్ల.

1930 మార్చి 14. పొద్దుటి ఫలహారాల దగ్గర తాత పేపరు చదివి వినిపిస్తున్నాడు. నెప్ట్యూన్‌కు ఆవల కొత్త గ్రహం కనిపించిందట! దానికింకా పేరు పెట్టలేదట! పురాణగాథలంటే ప్రాణం పెట్టే ఆ పదకొండేళ్ల పిల్ల, ప్లూటో అని పిలిస్తే బాగుంటుంది కదా అంది. ప్లూటో రోమన్ల పాతాళానికి రాజు. అంతటి చలికీ చీకటికీ ఆయన కన్నా తగిన దేవుడెవరు?

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. ఈ తాత లేచాడు. మనవరాలి మాటను తన మిత్రుడు, ఖగోళ శాస్త్రవేత్త హెర్బర్ట్ హాల్ టర్నర్‌కు చేరవేశాడు. ఆయన అమెరికాకు, ఆ గ్రహాన్ని కనిపెట్టిన లోవెల్ అబ్జర్వేటరీకి టెలిగ్రాం కొట్టాడు. మే 1న లోకమంతా ఆ పేరే విన్నది. తాత మురిసిపోయి మనవరాలి చేతిలో ఐదు పౌండ్లు పెట్టాడు!

ఎంత చల్లని బంధమిది! తల్లిదండ్రులకు పిల్లను తీర్చిదిద్దాలన్న తొందర ఉంటుంది. తాతకు ఆ తొందర తీరిపోయింది, వినే తీరిక మిగిలింది. లోకాన్ని చూసి చూసి వచ్చినవాడు ఆయన, లోకాన్ని ఇప్పుడే చూస్తున్నది ఆమె. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే పాత కథకు కొత్త ప్రశ్న పుడుతుంది. మన పల్లెల్లో వేసవి రాత్రుళ్లు ఆరుబయట మంచం మీద సప్తర్షులను చూపిన తాతలదీ, "ఆ పక్కన మిణుకుమనేది ఎవరు తాతయ్యా?" అని నిద్ర మానుకుని అడిగి, అరుంధతి కథ చెప్పించుకున్న మనవరాళ్లదీ ఈ వంశమే.

ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు. పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ఏడే బయలుదేరిన న్యూ హొరైజన్స్ నౌకలో ధూళికణాలను లెక్కపెట్టే పరికరానికి వెనీషియా పేరు పెట్టారు. 2015 జులైలో అది ప్లూటో పక్కనుంచే సాగిపోయింది. పిల్ల నోట పుట్టిన మాట అంత దూరం వెళ్లింది, మొదటి అడుగు తాత వేశాడు గనుక.

ఇంటింటా మనవరాలు చెప్పాలి, తాత వినాలి. విన్నది నచ్చితే, మోకాళ్లు సహకరించినా మానినా, ఆయన లేచి నడవాలి.