వంతు వచ్చేదాకా

1969 ఆగస్టు 18, సోమవారం. రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్ అనే తొమ్మిది మంది బృందం వుడ్‌స్టాక్ సంగీతోత్సవం వేదిక ఎక్కింది. న్యూయార్క్ రాష్ట్రంలో బెతెల్ అనే ఊరి దగ్గర, మాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలం అది. ఆదివారం మధ్యాహ్నం జో కాకర్ పాడి దిగగానే విరుచుకుపడిన గాలివాన కార్యక్రమాన్ని గంటల తరబడి వెనక్కి నెట్టేసింది. నాలుగు లక్షలని చెప్పుకునే ఆ జనంలో కొందరు అప్పటికే ఇంటిదారి పట్టారు, ఉన్నవాళ్లలో చాలామంది బురదలోనే దుప్పటి కప్పుకున్నారు. అలాంటి వేళ గిటారు, డ్రమ్సుతో పాటు ట్రంపెట్లు, ట్రాంబోన్, శాక్సాఫోన్ పట్టుకొచ్చిన వీళ్లు సుమారు గంటసేపు పది పాటలు వాయించారు.

అనామకులేం కాదు. ఆ ఏడాది వాళ్ల ఆల్బం అమెరికాలో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. మరుసటి ఏడాది బీటిల్స్ 'అబే రోడ్'ను కాదని ఉత్తమ ఆల్బం గ్రామీ దానికే ఇచ్చారు. అయినా వుడ్‌స్టాక్ అనగానే వీళ్ల పేరు ఎవరికీ తట్టదు. కారణం డబ్బు. ఉత్సవాన్ని సినిమా తీస్తున్నందుకు వేరే పైకం ముట్టలేదని వాళ్ల మేనేజరు కెమెరాలు ఆపించాడంటారు. 1970లో వచ్చిన ఆ సినిమాకు ఆస్కార్ వచ్చింది, అందులో వీళ్లు లేరు. తెరమీద ఉన్నవాళ్లే ఉత్సవంలో ఉన్నట్టు లోకం నమ్మేసింది.

టేపు మాత్రం తిరిగింది. ఎడ్డీ క్రేమర్ అనే ఇంజనీరు వేదిక వెనక ట్రైలర్లో ఎనిమిది ట్రాకుల యంత్రాలు పెట్టుకుని అంతా పట్టాడు. వాయించేది తొమ్మిది మంది, ట్రాకులు ఎనిమిది. అంటే ఎవరికివారే అన్న సదుపాయం లేదు, ఒకరి చోట్లో మరొకరు సర్దుకోవాలి. ఆ రాత్రి కచేరీ మొత్తం 2019లో, యాభయ్యేళ్ల సందర్భంగా 38 సీడీల పెట్టెలో బయటికొచ్చింది. బొమ్మ లేదు కనుక చెవికి పని ఎక్కువ. నాకైతే అదే మంచిదయింది.

రాక్ బ్యాండులో బూరల వరసకు ఒక విచిత్రమైన బతుకుంది. గిటారువాడు, డ్రమ్స్ వాయించేవాడు పాట పొడుగునా ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. బూరల వాళ్లు పాటలో సగం సేపు ఊరికే నిలబడతారు. ఊరికే అని మనకు కనిపిస్తుంది గానీ, లోపల లెక్క నడుస్తుంటుంది. ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు... అలా ఎన్నో బారు (నాలుగు లెక్కల గుంపు) నడుస్తోందో మొదటి అంకెలో గుర్తుపెట్టుకుంటూ లెక్కిస్తారు. పదహారు బార్ల మౌనం తర్వాత ఒక్క దెబ్బ కొట్టాలి, నలుగురూ ఒకేసారి. అర క్షణం ముందు దూరితే జనం మొత్తానికీ వినిపిస్తుంది. ఆలస్యమైతే అసలు లేనట్టే.

లెక్కతో పని అయిపోదు. బూరలో ఉన్నది గాలి, గాలి చల్లబడితే శ్రుతి దిగుతుంది. ఒక డిగ్రీ తగ్గితే ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పడిపోతుంది, ఆ మేరకు స్వరం కిందికి జారుతుంది. తీగల సంగతి దీనికి తలకిందులు: చలికి బిగిసి పైకెక్కుతాయి. కాబట్టి వాన వెలిసిన చల్లటి రాత్రి గిటారు ఒకవైపు, బూరలు మరోవైపు లాగుతాయి. ఆ రికార్డింగులో అక్కడక్కడా శ్రుతి కలవదు. స్టూడియో ఆల్బం నునుపుకు అలవాటు పడ్డ చెవికి అది కాస్త గుచ్చుకుంటుంది కూడా. శ్రుతి దిగకుండా ఉండటానికి బూరల వాళ్ల దగ్గర ఒక ఉపాయముంది. తమ వంతు రాకముందు పెదవులు అదరనివ్వకుండా, చప్పుడు కాకుండా, గొట్టంలోకి వెచ్చటి ఊపిరి వదులుతుంటారు. పక్కవాడికి కూడా వినపడదు. లోహం వేడి చల్లారకుండా ఉంటుంది. మధ్యలో చిన్న మీట నొక్కి, ఊపిరి ఆవిరి చల్లబడి చేరిన నీటిని కింద పారబోస్తారు. మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం ట్రంపెట్ వాయించేవాడు జనరేటర్ లైటు పక్కన ఆగి గొట్టం విదిలించడం చూసే ఉంటారు. ఉమ్మి అనుకుని ముఖం చిట్లించుకుంటాం, నిజానికి అందులో ఎక్కువ భాగం ఆవిరి నీరే.

పెదవుల సంగతి మరీ ముఖ్యం. ఇత్తడి బూరలో స్వరం పుట్టేది పెదవుల కంపనం నుంచి. అలిసిపోయినవాడు పై స్వరం అందక మౌత్‌పీసును పెదవులకు గట్టిగా అదుముతాడు. అప్పుడు నెత్తురు ఆడదు, స్వరం ఇంకా చచ్చిపోతుంది. బలం పెట్టేకొద్దీ పని చెడుతుందన్నమాట. అందుకే బూరల వాళ్లకు రాసిన మౌనం దయతో ఇచ్చిన సెలవు కాదు. అది లేకపోతే రెండో పాటకే ఎవరి పెదవీ పనికిరాదు.

ఆ రాత్రి పాటల్లో నాకు బాగా నచ్చింది 'సమ్‌టైమ్స్ ఇన్ వింటర్'. గిటారు వాయించే స్టీవ్ కాట్జ్ రాసి తనే పాడినది. పెద్ద గొంతు గాయకుడు డేవిడ్ క్లేటన్-థామస్‌కు ఆ కాసేపు పనిలేదు. వేల మంది తనకోసమే వచ్చారనుకునే అవకాశమున్న మనిషి పక్కకు తప్పుకున్నాడు. కాట్జ్ గొంతు పెద్దదేం కాదు, చిన్నగా, కాస్త బెరుకుగా వస్తుంది. ఆ చిన్న గొంతుకు చోటు దొరికింది పెద్ద గొంతు ఊరుకోవడం వల్లే.

మన ఇళ్లలో ఊరుకోవడం వచ్చినవాళ్లు తక్కువ. మా మేనమామ ఒకాయన రిటైరైన మర్నాటి నుంచి బంధువులందరి పనులూ నెత్తినేసుకున్నాడు. పెళ్లి మాటల్లో ఆయనే ముందు, వంటవాళ్ల బేరంలో ఆయనే ముందు. అడిగిందెవరూ లేరు. వంతు లేని రోజు ఆయన భరించలేడు, అంతే. మా పిన్ని తీరు వేరు. పిల్లల కోసం టీచరు ఉద్యోగం మానేసినా, పాఠ్యపుస్తకాలు మారినప్పుడల్లా కొత్తవి తెప్పించుకుని లెక్కలన్నీ చేసిపెట్టుకునేది. ఇప్పుడెందుకే ఇవన్నీ అని అమ్మమ్మ విసుక్కుంటే, ఊరికే అనేది. తర్వాత మళ్లీ బడిలో చేరినప్పుడు మొదటి రోజే తొమ్మిదో తరగతి ఇచ్చారు. ఆ బూర చల్లారలేదు.

ఇలా రాస్తున్నప్పుడే నాకొక ఇబ్బంది తోస్తుంది. లెక్కపెట్టుకుంటూ కూర్చోమని చెప్పడం, కూర్చోబెట్టినవాడికి చాలా తేలిక. బ్యాండులో ఓపిక న్యాయమైనదే. ఎందుకంటే నొటేషన్ కాగితం అందరి ముందూ ఉంటుంది. పదహారు బార్ల తర్వాత నీ వంతని అందులో రాసుంటుంది, ఎవరూ దాన్ని కొట్టేయలేరు. బయట కాగితం ఎవరి చేతిలో ఉందో తెలియదు. జీవితమంతా లెక్కపెట్టుకుని, బూర వెచ్చగా ఉంచుకుని, ఒక్క స్వరమైనా ఊదకుండా వెళ్లిపోయినవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, మన ఇళ్లలో ఎంతమందో. మా పిన్నికి ఆ బడిలో ఖాళీ వచ్చింది కాబట్టి ఈ కథ చెప్పగలుగుతున్నాను. రాకపోతే ఆ పుస్తకాలు పాత పేపర్లవాడికి పోయేవి, మేం ఆమెను జాలిగా చూసేవాళ్లం. ఓపికను మెచ్చుకునేముందు, కాగితం రాసిందెవరని అడగాల్సి ఉంటుంది.

ఆ రాత్రి వాయించిన బృందంలోనే కాగితం రాసేవైపుకు మారిన డిక్ హాలిగన్ అనే ఆయన ఉన్నాడు. మొదటి ఆల్బంలో ఆయన ట్రాంబోన్ వాయించాడు, బూరల వరసలో మనిషి. బృందాన్ని కట్టిన ఆల్ కూపర్ 1968లో వెళ్లిపోయాక కీబోర్డు చోటు ఖాళీ అయింది. హాలిగన్ ట్రాంబోన్ పక్కన పెట్టి ఆర్గన్ ముందు కూర్చున్నాడు. ట్రాంబోన్‌కు జెర్రీ హైమన్ వచ్చాడు. హాలిగన్ ఊరికే చోటు మారలేదు, పాటలకు వాయిద్యాల అమరిక కూడా రాశాడు. ఎవరు ఎప్పుడు ఊదాలో, ఎంతసేపు ఆగాలో తేల్చేవాళ్లలో తనూ ఒకడయ్యాడు. గ్రామీ గెలిచిన ఆ రెండో ఆల్బం మొదలయ్యేది ఎరిక్ సాటీ పియానో రచన మీద ఆయన చేసిన అమరికతోనే. దానికి విడిగా ఇంకో గ్రామీ వచ్చింది. వుడ్‌స్టాక్ రికార్డింగులో బూరల వెనక పరుచుకుని వినిపించే ఆర్గన్ ఆయనదే.